కాంగ్రెస్ ఇచ్చిన తాళంచెవి

2025 సెప్టెంబరు 19, శుక్రవారం. కొత్త హెచ్1బీ దరఖాస్తుకు లక్ష డాలర్లు కట్టాలంటూ అధ్యక్షుడు ట్రంప్ ఒక ప్రకటన మీద సంతకం చేశారు. శనివారం అర్ధరాత్రి దాటిన నిమిషం నుంచే అమలు అన్నారు. హైదరాబాద్‌లో అప్పటికి శనివారం తెల్లవారుజామైంది. పెళ్లికనో, అమ్మానాన్నల్ని చూసి వెళ్దామనో ఇంటికొచ్చినవాళ్లు ఫోన్ చూసుకుని సూట్‌కేసులు సర్దడం మొదలుపెట్టారు. దేశం బయట ఉన్న ఉద్యోగులు గడువులోగా తిరిగి వచ్చేయాలని పెద్ద పెద్ద కంపెనీలు మెయిళ్లు పంపాయి. ఈ రుసుము కొత్త దరఖాస్తులకే, ఇప్పటికే వీసా ఉన్నవాళ్లకు వర్తించదని వైట్ హౌస్ మర్నాడు వివరణ ఇచ్చింది. ఆమోదం పొందే హెచ్1బీల్లో 70 శాతానికి పైగా భారతీయులవే. వాళ్లలో తెలుగువాళ్లు ఎందరో వేరే చెప్పక్కర్లేదు. ఆ ఒక్క రోజు టెన్షన్ ఎన్ని ఇళ్లను తాకిందో ఊహించుకోవచ్చు.

అమెరికా రాజ్యాంగం గురించి రెండు ముక్కలు తెలిసినవాళ్లకైనా అప్పుడొక సందేహం రావాలి. అక్కడ ఏ ఒక్కరి చేతిలోనూ పూర్తి అధికారం ఉండదని, ఒకరి పగ్గాలు మరొకరి చేతిలో ఉంటాయని చిన్నప్పటి నుంచి చదువుకున్నదే. దాన్నే ‘చెక్స్ అండ్ బ్యాలెన్సెస్’ అంటారు. మరి సభలో చర్చ లేకుండా, ఓటింగ్ లేకుండా, ఒక్క సంతకంతో లక్ష డాలర్ల నిబంధన ఎలా వచ్చింది?

జవాబు 1952 నాటి ఇమిగ్రేషన్ చట్టంలో ఒకే ఒక్క వాక్యంలో ఉంది. ఫలానా తరగతి విదేశీయుల రాక దేశ ప్రయోజనాలకు హానికరమని అధ్యక్షుడికి అనిపిస్తే, తనకు అవసరమని తోచినంత కాలం వాళ్ల ప్రవేశాన్ని ఆపవచ్చు, లేదా తగినవనిపించిన ఆంక్షలు పెట్టవచ్చు. అనిపిస్తే, తోచినంత, తగినవనిపించిన: వాక్యం నిండా ఇవే మాటలు. రాసింది కాంగ్రెస్. (ఇక్కడ కాంగ్రెస్ అంటే పార్టీ కాదు, ప్రతినిధుల సభ, సెనేట్ కలిసిన అమెరికా చట్టసభ.) ఆ రోజు ట్రంప్ వాడింది ఈ వాక్యాన్నే. తలుపు బద్దలు కొట్టి లోపలికి వెళ్లలేదు, డెబ్బై మూడేళ్ల కిందట కాంగ్రెసే చేతికిచ్చిన తాళంచెవితో తీసుకుని వెళ్లారు. ఆ రుసుము విధించడానికి ఆ తాళంచెవి సరిపోతుందా అని దావాలు పడ్డాయి, అది వేరే సంగతి.

ఈ చట్టం పుట్టిన నెలను కొంచెం దగ్గర నుంచి చూడాలి. 1952 జూన్‌లో హ్యారీ ట్రూమన్ అనే అధ్యక్షుడికి నాలుగు వారాల్లో రెండు దెబ్బలు తగిలాయి. ఒకటి సుప్రీంకోర్టు కొట్టింది, రెండోది కాంగ్రెస్ కొట్టింది.

మొదటిది ఉక్కు మిల్లుల గొడవ. కొరియాలో యుద్ధం నడుస్తోంది. జీతాల విషయంలో యాజమాన్యాలకూ కార్మిక సంఘానికీ పొసగక, ఏప్రిల్ 9 నుంచి దేశమంతా సమ్మె అన్నారు. ఉక్కు ఆగితే ఫిరంగులు ఆగుతాయి. సమ్మెకు కొన్ని గంటల ముందు, ఏప్రిల్ 8 రాత్రి, ట్రూమన్ రేడియోలో, టీవీలో మాట్లాడి మిల్లులను ప్రభుత్వం స్వాధీనం చేసుకుంటోందని ప్రకటించారు. ఏ చట్టం కింద? ఏ చట్టమూ లేదు. అధ్యక్షుడిగా, సర్వసైన్యాధ్యక్షుడిగా నాకు ఆ అధికారం సహజంగానే ఉంది అన్నది ఆయన వాదన. నిజానికి 1947లో కార్మిక చట్టం చేస్తున్నప్పుడు ఇలాంటి స్వాధీన అధికారం ఇద్దామా వద్దా అని కాంగ్రెస్ ఆలోచించి, వద్దనుకుంది.

కంపెనీలు కోర్టుకెళ్లాయి. ఏప్రిల్ 29న డేవిడ్ పైన్ అనే జిల్లా జడ్జి స్వాధీనం చెల్లదన్నారు. జూన్ 2న సుప్రీంకోర్టు 6-3తో అదే మాట ఖాయం చేసింది. ఆ తొమ్మిది మంది జడ్జీల్లో ఒక్కరు కూడా ప్రతిపక్షం నియమించినవారు కారు. అందరినీ నియమించింది ట్రూమన్‌కు ముందరి అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ గానీ ట్రూమన్ గానీ. ట్రూమన్ స్వయంగా నియమించిన నలుగురిలో ఇద్దరు ఆయనకు వ్యతిరేకంగా తీర్పు రాశారు. ఆ ఇద్దరిలో ఒకరైన టామ్ క్లార్క్ అంతకుముందు ట్రూమన్ అటార్నీ జనరల్‌గా పనిచేసిన మనిషి. ట్రూమన్‌కు ఒళ్లు మండింది. అయినా మిల్లులను అదే రోజు యజమానులకు అప్పగించేశారు. సమ్మె మొదలై 53 రోజులు సాగింది.

తీర్పు ఒకటే అయినా జడ్జీలు ఎవరి కారణాలు వాళ్లు విడివిడిగా రాశారు. వాటిలో రాబర్ట్ జాక్సన్ రాసినది ఇవాళ్టికీ లా విద్యార్థులు బట్టీ పడతారు. అధ్యక్షుడి అధికారానికి మూడు మెట్లున్నాయన్నారాయన. కాంగ్రెస్ చట్టం చేసి అధికారం ఇచ్చినప్పుడు అధ్యక్షుడు పై మెట్టు మీద ఉంటాడు. కాంగ్రెస్ ఏమీ చెప్పనప్పుడు నడి మెట్టు, అక్కడ అంతా మసక వెలుతురే. కాంగ్రెస్ వద్దన్న పని చేసినప్పుడు అట్టడుగు మెట్టు. ట్రూమన్ దొరికిపోయింది ఆ అట్టడుగు మెట్టు మీద.

ఇక రెండో దెబ్బ. ఇమిగ్రేషన్ చట్టం బిల్లు తన దగ్గరికొస్తే, పుట్టిన దేశాన్ని బట్టి మనుషులకు కోటాలు పెట్టడం తప్పంటూ ట్రూమన్ జూన్ 25న వీటో చేశారు, అంటే సంతకం పెట్టనని తిప్పి పంపారు. మర్నాడు ప్రతినిధుల సభ, ఆ మర్నాడు సెనేట్ మూడింట రెండొంతుల మెజారిటీతో ఆ వీటోను తోసిపుచ్చాయి. బిల్లు చట్టమైంది. అధ్యక్షుడు చట్టం లేకుండా అధికారం లాక్కోకూడదని కోర్టు చెప్పిన నెలలోనే, అధ్యక్షుడు వద్దంటున్నా వినకుండా కాంగ్రెస్ ఆయన వారసులందరికీ ఇంత వెడల్పాటి అధికారం రాసిచ్చింది. జాక్సన్ లెక్కలో అది పై మెట్టు. అందుకే కొన్ని దేశాల వాళ్లను రానివ్వకుండా ట్రంప్ మొదటి పదవీకాలంలో పెట్టిన ప్రయాణ నిషేధం 2018లో సుప్రీంకోర్టుకు వెళ్లినప్పుడు, ఈ వాక్యంలో ప్రతి భాగం అధ్యక్షుడి విచక్షణకే మొగ్గుతోందని చీఫ్ జస్టిస్ రాబర్ట్స్ రాశారు. 5-4తో నిషేధం నిలిచింది.

రాజ్యాంగం వేసిన పునాది ఇలా ఉండాలని కాదు. 1787లో ఫిలడెల్ఫియాలో కూర్చున్నవాళ్లు ఇంగ్లండ్ రాజుతో పడిన బాధలు మర్చిపోలేదు. అలాగని బలమైన కేంద్రం లేకపోతే పదమూడు రాష్ట్రాలూ తలో దారి పడతాయని కూడా చూశారు. అందుకే పని పంచారు, పంచినదాన్ని మళ్లీ ముడేశారు. చట్టం కాంగ్రెస్ చేయాలి, కానీ అధ్యక్షుడు వీటో చేయవచ్చు. మంత్రుల్ని, జడ్జీల్ని అధ్యక్షుడు ఎంచుకోవచ్చు, కానీ సెనేట్ ఒప్పుకోవాలి. సైన్యం అధ్యక్షుడిది, యుద్ధ ప్రకటన కాంగ్రెస్‌ది. ఖజానా తాళాలూ కాంగ్రెస్‌వే. జడ్జీలకు జీవితకాలం పదవి, జీతం తగ్గించడానికి వీల్లేదు. మన దగ్గర ప్రధానికి లోక్‌సభలో మెజారిటీ ఉంటేనే కుర్చీ ఉంటుంది. అక్కడ ఆ బంధమే లేదు. సభ మొత్తం తిరగబడినా అధ్యక్షుడి కుర్చీ కదలదు, అధ్యక్షుడికి ఎంత కోపమొచ్చినా సభను రద్దు చేయలేడు.

దీన్ని నడిపించేది మనుషుల మంచితనం కాదని, ఆ రాజ్యాంగ రచనలో ముఖ్యుడైన జేమ్స్ మాడిసన్‌కు బాగా తెలుసు. ఏ పదవిలో ఉన్నవాడు ఆ పదవి పరువు కోసం, అధికారం కోసం కొట్లాడతాడు, ఒకడి ఆశ మరొకడి ఆశకు అడ్డుకట్ట అవుతుంది అన్నది 1788లో ఆయన వేసిన లెక్క. పందెం గట్టిదే. ఆయన లెక్కలో లేనిది పార్టీ. సెనేటర్‌కు సెనేట్ కన్నా పార్టీ మీద మమకారం ఎక్కువయ్యే రోజు వస్తుందని ఆ రాజ్యాంగంలో ఎక్కడా రాసుకోలేదు.

పార్టీ మాట అలా ఉంచితే, కాంగ్రెస్ మరీ అమాయకంగా తాళాలు పంచిపెట్టలేదు. ఇచ్చేటప్పుడే తోక పట్టుకుని ఉండే ఉపాయం ఒకటి కనిపెట్టింది. అధికారం అధ్యక్షుడికో, ఆయన కింది శాఖకో ఇస్తాం, వాడిన తీరు నచ్చకపోతే రెండు సభల్లో ఒకటి తీర్మానం చేసి రద్దు చేస్తుంది, దానికి అధ్యక్షుడి సంతకం అక్కర్లేదు. శాసన వీటో అంటారు దీన్ని. 1930ల నుంచి ఇలాంటి షరతులు చట్టాల్లో కుప్పలుతెప్పలుగా చేరాయి. 1952 ఇమిగ్రేషన్ చట్టంలోనూ ఒకటి ఉంది. చివరికి ఆ ఉపాయం మొత్తాన్ని కూల్చింది ఒక విద్యార్థి ఫైలు.

జగదీశ్ రాయ్ చద్దా భారతీయ మూలాలున్న కుటుంబంలో కెన్యాలో పుట్టారు. బ్రిటిష్ పాస్‌పోర్టు మీద, 1966లో స్టూడెంట్ వీసాతో ఒహాయో రాష్ట్రానికి చదువుకోడానికి వచ్చారు. 1972 జూన్ 30న వీసా గడువు తీరిపోయింది. దేశం నుంచి పంపేయడానికి కేసు మొదలైంది. చట్టంలో ఒక వెసులుబాటు ఉంది: ఏడేళ్లుగా దేశంలో ఉంటూ, మంచి నడవడిక కలిగి, పంపేస్తే తీవ్రమైన కష్టాల పాలవుతాడనుకుంటే ఆ పంపివేతను ఆపవచ్చు. ఇమిగ్రేషన్ జడ్జి విచారించి 1974 జూన్ 25న చద్దాకు ఆ వెసులుబాటు ఇచ్చారు. చట్టం ప్రకారం ఆ ఫైలు కాంగ్రెస్‌కు వెళ్లింది. గడువులోగా ఏ సభా కాదనకపోతే ఆయన ఉండిపోవచ్చు. ఏడాదిన్నర పాటు ఎవరూ ఏమీ అనలేదు.

గడువు ఇంకొద్ది రోజుల్లో ముగుస్తుందనగా, 1975 డిసెంబరు 12న, ప్రతినిధుల సభ ఇమిగ్రేషన్ సబ్‌కమిటీ ఛైర్మన్ జాషువా ఐల్‌బర్గ్ ఒక తీర్మానం పెట్టారు. తాము 340 ఫైళ్లు చూశామని, వాటిలో ఆరుగురి విషయంలో కష్టం రుజువు కాలేదని కమిటీకి అనిపించిందని చెప్పారు. ఆ ఆరుగురిలో చద్దా ఒకరు. డిసెంబరు 16న సభ దాన్ని ఆమోదించింది. చర్చ లేదు. ఎవరు ఎటు ఓటేశారో లెక్క లేదు. తీర్మానం కాపీ అచ్చు కూడా కాలేదు, సభ్యుల చేతికి అందలేదు. ఒక మనిషి జీవితం మీద జడ్జి విచారించి ఇచ్చిన నిర్ణయం, ఎవరూ చదవని కాగితంతో కొట్టుకుపోయింది.

చద్దా పోరాడారు. విచిత్రమేమంటే, ఆయన్ని పంపేయాల్సిన ఇమిగ్రేషన్ శాఖే కోర్టులో ఆయన పక్షాన నిలబడి, సభకు ఈ అధికారం ఉండకూడదంది. శాఖకు చద్దా మీద జాలి కలిగిందని కాదు. కార్యనిర్వాహక శాఖకు ఈ శాసన వీటో అంటే ఎప్పటి నుంచో గిట్టదు, దాన్ని వదిలించుకోడానికి మంచి కేసు దొరికింది. చట్టాన్ని సమర్థించుకోడానికి రెండు సభలూ తమ లాయర్లతో వేరుగా రావలసి వచ్చింది. 1980లో అప్పీల్ కోర్టులో చద్దా గెలిచారు. ఆ తీర్పు రాసిన ఆంథనీ కెనడీ తర్వాతి కాలంలో సుప్రీంకోర్టు జడ్జి అయ్యారు. సుప్రీంకోర్టు ఈ కేసులో వాదనలు రెండుసార్లు విని, 1983 జూన్ 23న 7-2తో తేల్చింది: చట్టంతో సమానమైన ఫలితం వచ్చే ఏ పని చేయాలన్నా రెండు సభలూ ఆమోదించాలి, అధ్యక్షుడి ముందుకు వెళ్లాలి. ఒక సభ ఒంటరిగా ఎవరి హక్కులూ మార్చలేదు.

ప్రధాన తీర్పు తర్కం రాజ్యాంగం మాటకు దగ్గరగా ఉంది, కాదనలేం. కానీ విభేదించిన జడ్జి బైరన్ వైట్ చూసిన దూరం ఎక్కువ. దాదాపు 200 చట్టాల్లో ఇలాంటి షరతులున్నాయి, కోర్టు తన చరిత్ర మొత్తంలో కొట్టేసిన కాంగ్రెస్ చట్టాల కన్నా ఇవాళ ఒక్క దెబ్బకు కొట్టేసినవే ఎక్కువ అని ఆయన రాశారు. ఇక కాంగ్రెస్‌కు మిగిలినవి రెండే దారులు. అధికారం ఇవ్వకుండా ప్రతి చిన్న విషయానికీ తనే చట్టం రాసుకోవాలి, లేదా ఇచ్చేసి చేతులు దులుపుకోవాలి.

రెండోదే జరిగింది. పాత చట్టాలను వెనక్కి తీసుకునే ఓపిక ఎవరికీ లేకపోయింది. తాళంచెవులు అధ్యక్షుడి దగ్గరే ఉండిపోయాయి, వాటికి కట్టిన తాడు మాత్రం తెగిపోయింది.

ఇప్పుడు అంకెలు ఎలా తిరగబడ్డాయో చూడండి. ఒక అధికారం ఇవ్వడానికి మామూలు చట్టం చాలు. దాన్ని వెనక్కి తీసుకోడానికి కూడా మామూలు చట్టమే, కానీ తన అధికారాన్ని తగ్గించే బిల్లు మీద ఏ అధ్యక్షుడు సంతకం పెడతాడు? వీటో చేస్తాడు. దాన్ని తోసిపుచ్చాలంటే అందరూ ఓటేసినప్పుడు ప్రతినిధుల సభలో 290, సెనేట్‌లో 67 ఓట్లు కావాలి. అంటే వంద మంది సెనేటర్లలో 34 మందిని తన వైపు ఉంచుకుంటే అధ్యక్షుడికి ఢోకా లేదు. 1789 నుంచి 2024 చివరి దాకా అధ్యక్షులు చేసిన వీటోలు 2,500కు పైనే. కాంగ్రెస్ తోసిపుచ్చగలిగినవి 112.

ఎమర్జెన్సీ చట్టం కథ ఇదే. (ఎమర్జెన్సీ ప్రకటిస్తే అక్కడ అధ్యక్షుడికి కొన్ని ప్రత్యేక అధికారాలు వస్తాయి.) 1976లో కాంగ్రెస్ జాతీయ ఎమర్జెన్సీల చట్టం చేసినప్పుడు, రెండు సభలూ తీర్మానిస్తే చాలు, అధ్యక్షుడి సంతకం లేకుండానే ఎమర్జెన్సీ రద్దవుతుందని రాసుకుంది. ప్రతి ఆరు నెలలకూ ఉభయ సభలూ కూర్చుని అది ఇంకా అవసరమా అని పరిశీలించాలని కూడా రాసుకుంది. చద్దా తీర్పు తర్వాత 1985లో ఆ మొదటి షరతును మార్చాల్సి వచ్చింది, ఇక తీర్మానం అధ్యక్షుడి దగ్గరికి వెళ్లాల్సిందే. ఆరు నెలల పరిశీలనను ఎవరూ పట్టించుకోలేదు. ఇరాన్‌లో అమెరికన్లను బందీలుగా పట్టుకున్నప్పుడు 1979 నవంబరులో కార్టర్ ప్రకటించిన ఎమర్జెన్సీని ఏటా పొడిగిస్తూనే ఉన్నారు. అప్పుడు పుట్టినవాళ్లకు ఇప్పుడు తల నెరిసింది.

కాంగ్రెస్ చేతిలో మిగిలిన ఈ పగ్గం ఎంత గట్టిదో 2019లో తేలింది. మెక్సికో సరిహద్దు గోడకు ట్రంప్ 570 కోట్ల డాలర్లు అడిగారు. కాంగ్రెస్ ఒప్పుకోలేదు. 35 రోజులు ప్రభుత్వం షట్‌డౌన్ అయింది, ఉద్యోగులు జీతాల్లేక అల్లాడారు. చివరికి 137.5 కోట్లు ఇచ్చారు. ఫిబ్రవరి 15న ట్రంప్ ఎమర్జెన్సీ ప్రకటించి, సైనిక నిర్మాణాలకు కేటాయించిన డబ్బును గోడకు మళ్లించే పని మొదలుపెట్టారు. ఖజానా తాళం తమదే అనుకున్న కాంగ్రెస్‌కు ఇంతకన్నా సూటి సవాలు ఉండదు. ప్రతినిధుల సభ రద్దు తీర్మానం చేసింది. సెనేట్‌లో ట్రంప్ సొంత పార్టీ వాళ్లు 12 మంది కలిసి రావడంతో 59-41తో నెగ్గింది. మార్చి 15న ట్రంప్ వీటో చేశారు, అధ్యక్షుడిగా అది ఆయన మొదటి వీటో. తోసిపుచ్చడానికి ప్రతినిధుల సభలో 248 మందే దొరికారు. రెండు సభల్లోనూ మెజారిటీ వద్దన్న పని సాగిపోయింది. ఆ ఎమర్జెన్సీ ముగిసింది 2021 జనవరి 20న, కొత్త అధ్యక్షుడు బైడెన్ పదవిలోకి వచ్చిన రోజు.

యుద్ధం విషయంలో కూడా ఇంతే. అమెరికా కాంగ్రెస్ చివరిసారి యుద్ధం ప్రకటించింది 1942లో. కొరియా, వియత్నాం, ఇరాక్ అన్నీ ఆ తర్వాతవే. 1973లో అప్పటి అధ్యక్షుడు నిక్సన్ వీటోను తోసిపుచ్చి మరీ చేసిన చట్టం ప్రకారం, సైన్యాన్ని పోరులోకి దింపితే 48 గంటల్లో చెప్పాలి, అనుమతి లేకపోతే 60 రోజుల్లో వెనక్కి పిలవడం మొదలెట్టాలి. ఉభయ సభల తీర్మానంతో సైన్యాన్ని వెనక్కి రప్పించే షరతు కూడా అందులో ఉంది. చద్దా తీర్పుతో ఆ షరతూ అనుమానంలో పడింది.

అయితే కాంగ్రెస్ పూర్తిగా కాడి కింద పడేసిందనుకుంటే పొరపాటే. శాసన వీటో చచ్చిపోయాక కూడా కమిటీల స్థాయిలో దొంగచాటుగా బతికే ఉంది. ఒక పద్దు నుంచి ఇంకో పద్దుకు డబ్బు మార్చాలంటే శాఖలు ముందుగా బడ్జెట్ సబ్‌కమిటీని అడగాలనే షరతులు చద్దా తీర్పు తర్వాత కూడా వందల్లో వచ్చాయి. కోర్టు దృష్టిలో అవి చెల్లవు. అయినా అధికారులు అడుగుతూనే ఉన్నారు. వచ్చే ఏడాది నిధులకు మళ్లీ అదే కమిటీ ముందు చేతులు కట్టుకుని నిలబడాలి, నీళ్లలో ఉంటూ మొసలితో వైరం ఎవరికి కావాలి? రాజ్యాంగం పుస్తకంలో కనిపించని అదుపుల్లో ఇదొకటి. పనిచేసినంత కాలం ఎవరూ దీని గురించి మాట్లాడరు.

డబ్బు విషయంలో ఆ మర్యాద కూడా ఈ మధ్య సడలుతోంది. కాంగ్రెస్ మంజూరు చేసిన నిధులను నిక్సన్ ఖర్చు పెట్టకుండా బిగబట్టడంతో 1974లో ఒక చట్టం వచ్చింది: ఫలానా డబ్బు వద్దనుకుంటే అధ్యక్షుడు కాంగ్రెస్‌ను అడగాలి, 45 రోజుల్లో ఒప్పుకోకపోతే ఖర్చు పెట్టాలి. బాగానే ఉంది. కానీ ఆర్థిక సంవత్సరం సెప్టెంబరు 30న ముగుస్తుంది. 2025 ఆగస్టు చివర్లో ట్రంప్ ప్రభుత్వం 490 కోట్ల డాలర్ల విదేశీ సాయం వద్దంటూ లేఖ పంపింది. 45 రోజులు గడిచేలోపే ఏడాది అయిపోతుంది, డబ్బు మురిగిపోతుంది. సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు అందులో దాదాపు 400 కోట్లను ఆపి ఉంచడానికి తాత్కాలికంగా ఒప్పుకుంది. క్యాలెండర్‌తో చట్టాన్ని గెలవడం అంటే ఇదే.

మరి అభిశంసన? పెద్ద ఫిరంగి అదే కదా అంటారు. 1868లో ఆండ్రూ జాన్సన్, 1998లో క్లింటన్, 2019లోనూ 2021లోనూ ట్రంప్. ప్రతినిధుల సభ నాలుగుసార్లు అధ్యక్షులను అభిశంసించింది, అంటే ఆరోపణలు మోపి సెనేట్ విచారణకు పంపింది. సెనేట్ ఒక్కసారీ పదవి నుంచి దింపలేదు. జాన్సన్ ఒక్క ఓటుతో బయటపడ్డారు. 2021లో ట్రంప్‌కు వ్యతిరేకంగా 57 ఓట్లు వచ్చాయి, కావలసినవి 67. ఆ శిక్ష పడినవాళ్లు ఇప్పటిదాకా ఎనిమిది మంది, అందరూ ఫెడరల్ జడ్జీలే. నిక్సన్‌ది వేరే దారి. వాటర్‌గేట్ కుంభకోణంలో, వైట్ హౌస్‌లో రికార్డు చేసిన సంభాషణల టేపులు ఇచ్చి తీరాలని 1974 జూలై 24న సుప్రీంకోర్టు 8-0తో చెప్పింది, అభిశంసన ఓటు పడకముందే, ఆగస్టు 9న ఆయన దిగిపోయారు. ఆయన్ను దింపింది ఆ టేపులు విని సొంత పార్టీ సెనేటర్లు ముఖం చాటేయడం. అప్పటికి మాడిసన్ లెక్క ఇంకా పనిచేస్తోంది.

కాంగ్రెస్ వదిలేసిన బరువంతా కోర్టుల మీద పడుతోంది. వాటి దగ్గర ఖజానా లేదు, సైన్యం లేదు, తీర్పు కాగితం తప్ప. 2025 జనవరి 20న, పదవిలోకి వచ్చిన రోజే, ట్రంప్ జన్మతః పౌరసత్వం మీద ఉత్తర్వు ఇచ్చారు. తల్లి తాత్కాలిక వీసా మీద ఉండి, తండ్రి పౌరుడు గానీ గ్రీన్ కార్డుదారు గానీ కాకపోతే, ఫిబ్రవరి 19 నుంచి పుట్టే బిడ్డ అమెరికా పౌరుడు కాదన్నారు. హెచ్1బీ ఇళ్లలో ఆ తేదీ ఎంత గుబులు రేపిందంటే, ముందే కాన్పు చేయించుకోవచ్చా అని డాక్టర్లను అడుగుతున్న భారతీయ కుటుంబాల గురించి పత్రికల్లో వార్తలొచ్చాయి. మూడు రోజులు తిరక్కుండానే సియాటెల్‌లో జాన్ కఫ్‌నవర్ అనే జడ్జి ఆ ఉత్తర్వును ఆపేశారు. ఆయన్ని నియమించింది 1981లో రేగన్, అంటే ట్రంప్ పార్టీ అధ్యక్షుడే. ఇది రాజ్యాంగానికి విరుద్ధమని పట్టపగలులా కనిపిస్తోందని ఆయన తేల్చారు. అమెరికాలో పుట్టినవాళ్లు పౌరులేనన్న 1868 నాటి పద్నాలుగో రాజ్యాంగ సవరణ, 1898లో చైనీస్ తల్లిదండ్రులకు శాన్ ఫ్రాన్సిస్కోలో పుట్టిన వాంగ్ కిమ్ ఆర్క్ కేసు తీర్పు ఆయన వెనక ఉన్నాయి.

ఇక్కడ అధ్యక్షుడి చేతిలో తాళంచెవి లేదు. కాంగ్రెస్ ఎవరికీ ఈ అధికారం ఇవ్వలేదు, ఇవ్వాలన్నా రాజ్యాంగమే అడ్డు. అందుకే జిల్లా జడ్జి అంత గట్టిగా మాట్లాడగలిగారు. కానీ జూన్ 27న సుప్రీంకోర్టు 6-3తో ఇంకో మాటంది: ఒక జిల్లా జడ్జి దేశమంతటికీ వర్తించేలా ఆదేశం ఇవ్వకూడదు, తన ముందుకొచ్చిన కక్షిదారులకే ఇవ్వాలి. ఉత్తర్వు తప్పా ఒప్పా అన్నది అప్పటికి తేల్చలేదు. లాయర్లు వెంటనే దారి మార్చి, బాధిత శిశువులందరి తరఫున ఒకే దావా వేశారు. జూలై 10న న్యూ హాంప్‌షైర్ జడ్జి మళ్లీ ఆపేశారు. 2025 ముగిసేదాకా ఆ ఉత్తర్వు ఒక్క శిశువు మీదా అమలు కాలేదు. విషయం మళ్లీ సుప్రీంకోర్టుకే చేరింది. ఆపగలిగారు నిజమే, అయితే ప్రతి మలుపులోనూ ఎన్ని ఇళ్లలో ఎన్ని నిద్రలేని రాత్రులు గడిచాయో ఏ తీర్పులోనూ లెక్కకు రాదు.

ఇంతవరకూ చెప్పిందంతా అడ్డుకోలేకపోవడం గురించి. ఇదే వ్యవస్థ మరీ గట్టిగా అడ్డుకునే చోటు ఒకటుంది, దాన్ని తెలుగు కుటుంబాలు ప్రతి నెలా, గ్రీన్ కార్డు వరుసలో ఎవరి వంతు ఎంతవరకు వచ్చిందో చెప్పే వీసా బులెటిన్‌లో చూస్తూనే ఉంటాయి. ఉద్యోగాల మీద ఇచ్చే గ్రీన్ కార్డులు ఏటా సుమారు 1,40,000. ఏ దేశానికైనా అందులో 7 శాతానికి మించకూడదు. చిన్న దేశానికీ ఏడే, భారత్‌కూ ఏడే. ఈ అంకెలు రాసింది 1990లో, అదే 1952 చట్టానికి చేసిన సవరణలో. ఇక్కడ కాంగ్రెస్ విచక్షణ ఎవరికీ వదల్లేదు. మనుషుల్ని ఆపడానికి అధ్యక్షుడికి ఒక్క సంతకం చాలు, కానీ ఆ 7ను 8 చేయడం ఏ అధ్యక్షుడి వల్లా కాదు.

మార్చే ప్రయత్నం జరగలేదా అంటే, జరిగింది. ఉద్యోగాల గ్రీన్ కార్డుల్లో దేశాల వారీ పరిమితి తీసేసే బిల్లు 2019 జూలై 10న ప్రతినిధుల సభలో 365-65తో నెగ్గింది. రెండు పార్టీలూ అంతగా కలిసిన సందర్భాలు ఈ రోజుల్లో అరుదు. తర్వాత సెనేట్. అక్కడ దాన్ని చర్చ లేకుండా, అందరి సమ్మతితో నెగ్గించాలని చూశారు. ఆ పద్ధతిలో ఒక్క సెనేటర్ లేచి అభ్యంతరమన్నా ఆగిపోతుంది. ఒకరి అభ్యంతరం తీరిస్తే ఇంకొకరు లేచారు. ఒక్కో అభ్యంతరం కోసం బిల్లులో ఒక్కో ముక్క మారుతూ పోయింది. చివరికి 2020 డిసెంబరు 2న సెనేట్ కూడా ఏకగ్రీవంగా ఆమోదించింది. వాట్సాప్ గ్రూపుల్లో అభినందనలు వెల్లువెత్తాయి.

అప్పటికి రెండు సభలూ ఒప్పుకున్నాయి, కానీ ఒకే బిల్లును కాదు. సెనేట్ నెగ్గించినది మారిపోయిన రూపం. చట్టం కావాలంటే ఒకే పాఠం, కామాలతో సహా, రెండు సభల్లోనూ నెగ్గాలి. చద్దా కేసులో సుప్రీంకోర్టు అంత పట్టుబట్టిన నియమం ఇదే. తేడాలు సర్దుకోడానికి మిగిలింది నెల రోజులు, ఆ నెలలో అది జరగలేదు. 2021 జనవరి 3 మధ్యాహ్నం ఆ కాంగ్రెస్ కాలపరిమితి ముగిసింది, దానితోపాటే బిల్లూ. మళ్లీ తేవాలంటే కొత్త నంబరుతో, కొత్త కమిటీ ముందు, మొదటి నుంచి రావాలి.